గాలి తీసిన పందొమ్మిదో నంబరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేశారు. "సార్, మీరు ఇక్కడే చదివి టీచరు అయినారు కదా, మాకు నాలుగు మంచి మాటలు రాయండి" అన్నారు. మంచి మాటలు సంచిక మొదటి పేజీల్లో ఎట్లాగూ ఉంటాయి. పెద్దల సందేశాలు, ఫోటోలు, శుభాకాంక్షలు అన్నీ అయిపోయాక నా వంతు వస్తుంది. అందుకని నేను కారు బ్రేకుల గురించి రాస్తున్నాను. నవ్వకండి తమ్ముళ్లూ, ఇది మన హాస్టల్ సంగతే.

1985లో మా నాయన నన్ను జహీరాబాద్ హాస్టల్‌లో ఆరో తరగతికి చేర్పించి, కొత్త రేకు పెట్టె కొనిచ్చి వెళ్లిపోయాడు. రిజిస్టర్‌లో నా నంబరు 20. సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు పేర్లు ఉండేవి కావు, నంబర్లే. 19 "ఉన్న సార్" అనగానే నేను "ఉన్న సార్" అనాలి. పెట్టెలు నంబర్ల వరుసలోనే పెట్టుకునేవాళ్లం, పక్కలు కూడా అదే వరుస. అట్లా ఐదేళ్లు పందొమ్మిదో నంబరు పక్కన పడుకున్నాను. వాడు నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఒరే ఇరవై" అనేవాడు. ఇప్పుడు వాడు పెద్దమనిషి, పేరు రాయడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఇక్కడ కూడా 19 అనే రాస్తాను.

వాడి చేతిలో ఏదో ఉండేది. బోరింగు చెడిపోతే ఊరి నుంచి మనిషి వచ్చేలోపల వాషరు కోసి వేసేవాడు. వంటమనిషి స్టవ్, వార్డెన్ సారు సైకిల్, బడి గంట తాడు అన్నీ వాడే చూసేవాడు. నాకేమో పుస్తకం తప్ప ఏదీ చేతకాదు. పాస్కల్ నియమం ఎవరన్నా అడిగితే నిద్రలో కూడా చెప్పేవాణ్ణి: బంధించిన ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా ప్రసరిస్తుంది. బొమ్మ గీసి, భాగాలు గుర్తిస్తే పూర్తి మార్కులు. ఒకరోజు 19 ఆసుపత్రి వెనక పారేసిన గ్లూకోజు పైపు తెచ్చి, దాని రెండు చివర్లకు రెండు సిరంజీలు తగిలించి, నీళ్లు నింపి నా ముందు పెట్టాడు. ఈ చివర నొక్కితే ఆ చివర పైకి లేచింది. "నువ్వు బట్టీ పట్టేది ఇదేనా?" అని అడిగాడు. "అవును, కానీ పరీక్షలో ఇది రాయరు" అన్నాను. ఆ మాటకు వాడేమీ అనలేదు. పైపులోకి ఇంత గాలి ఎక్కించి మళ్లీ నొక్కాడు. ఈసారి ఆ చివర కదలనే లేదు. నేను అప్పటికే పుస్తకంలోకి తల దించేశాను.

ఇక చెప్పక తప్పని మాట. 1990 మార్చిలో పది పరీక్షలు. వాడికి లెక్కలంటే భయం. జనవరిలో ఒక రాత్రి స్టడీ అవర్ అయిపోయాక, "ఇరవై, రోజూ ఒక్క గంట లెక్కలు చెప్పరా, ముప్పై ఐదు వస్తే చాలు" అని అడిగాడు. నేను చెప్పలేదు. టైం లేదన్నాను. టైం ఉంది. హాస్టల్ ఫస్టు నాదో, 34వ నంబరుదో అని అందరూ పందేలు కాస్తున్న రోజులు అవి. ఒక గంట పోతే ఫస్టు పోతుందని భయం. నాకు ఫస్టు వచ్చింది. వాడు లెక్కల్లో తప్పాడు, ఇక మళ్లీ కట్టలేదు. హైవే మీద ఒక లారీ షెడ్డులో ఉస్తాద్ దగ్గర పానాలు అందించే పనికి చేరాడని విన్నాను. అప్పుడు అది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. తర్వాత ఇంటర్, డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం. బస్సులో ఆ షెడ్డు ముందు నుంచి వందల సార్లు పోయుంటాను. అది వచ్చినప్పుడల్లా రెండో వైపు కిటికీలోకి చూసేవాణ్ణి.

2011లో పాత మారుతి 800 కొన్నాను. మా వంశంలో మొదటి కారు. కొన్న మూడు నెలలకే ముందు చక్రాల్లో కీచుమని చప్పుడు మొదలైంది. ప్యాడ్లు అరిగినాయి. అంతలో సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచిన ఆ సమ్మె మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. బడులు మూసి మేము టీచర్లం కూడా సమ్మెలో ఉన్నాం. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. అదే సమయంలో బీదర్ ఆసుపత్రిలో మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. తల్లినీ బిడ్డనూ ఇంటికి తీసుకురావాలి. జీపుల్లో మనుషులు పైన కూడా కూర్చుని పోతున్నారు, పచ్చి బాలింతను అందులో ఎట్లా ఎక్కిస్తాం? మన కారు ఉంది కదా అని మా అమ్మ గర్వంగా అందరికీ చెప్పేసింది. ఆదివారం పొద్దున పోవాలని నిర్ణయం.

శుక్రవారం కొత్త ప్యాడ్లు దొరికాయి. నేను మెకానిక్ దగ్గరికి పోలేదు. ఖర్చు ఒక కారణం, కానీ అసలు కారణం అది కాదు. భౌతికశాస్త్రం చెప్పే టీచరును, బ్రేకు అంటే పాస్కల్ నియమమే కదా అనుకున్నాను. ప్యాడ్లు మార్చడానికి నిజానికి కాలిపర్ గొట్టం విప్పే పనే లేదు. కాలిపర్‌ను పక్కకు జరిపి, తాడుతో వేలాడగట్టి, ప్యాడ్లు మార్చి బిగిస్తే సరిపోతుంది. నాకు ఆ సంగతి తెలియదు. జాకీ పెట్టి, చక్రాలు విప్పి, బ్రేక్ ఆయిల్ గొట్టాలు కూడా విప్పేసి, రెండు కాలిపర్లూ తెచ్చి మా అమ్మ బట్టలు నానబెట్టే గంగాళంలో వేశాను. వైరు బ్రష్షుతో తోమి తళతళలాడించాను. గంగాళంలో నుంచి ఒకటి తీసి కుడి వైపు, ఇంకొకటి తీసి ఎడమ వైపు బిగించాను. రెండూ అచ్చం ఒకేలాగ ఉన్నాయి, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాగ.

గొట్టం విప్పితే లోపలికి గాలి చేరుతుంది, దాన్ని తీయాలి. ఇంగ్లీషులో బ్లీడింగ్ అంటారు, మన షెడ్డుల్లో గాలి తీసుడు అంటారు. ఎందుకు తీయాలో మాత్రం నేను బాగా చెప్పగలను. ద్రవాన్ని నొక్కితే అది కుదించుకుపోదు, నొక్కుడంతా అవతలికి పంపిస్తుంది. గాలి కుదించుకుపోతుంది. మాస్టర్ సిలిండర్ ఒక తొక్కుడుకు తోసే ఆయిల్ కొన్ని మిల్లీలీటర్లు మాత్రమే. గొట్టంలో చెంచాడు గాలి ఉంటే ఆ తొక్కుడంతా గాలిని నలపడానికే ఖర్చయిపోతుంది, ప్యాడ్ దాకా ఏమీ చేరదు. కాలు మెత్తగా, దూది మీద పెట్టినట్టు దిగిపోతుంది.

శనివారమంతా అదే పని. మా ఆవిడ సీట్లో కూర్చుని తొక్కడం, నేను కింద కూర్చుని నిపిల్ వదులు చేసి బిగించడం. "తొక్కు", "పట్టు", "ఇడువు" అని నేను, "ఇంకెన్నిసార్లండీ?" అని ఆవిడ. ఆయిల్ వస్తోంది, బుడగలు కూడా కొన్ని వచ్చాయి, కానీ పెడల్ మాత్రం గట్టిపడదు. రెండు సీసాలు అయిపోయాయి. మడ్‌గార్డు మీద ఒలికిన ఆయిల్‌ను తుడవడం మరిచిపోతే సాయంత్రానికి అక్కడ రంగు పొక్కి లేచింది. గబగబ ఏడెనిమిది సార్లు తొక్కితే మాత్రం పెడల్ పైకి వచ్చి గట్టిగా నిలబడింది. అయిపోయింది, ఇక అంతే అనుకున్నాను. తమ్ముళ్లూ, గాలి ఉందని చెప్పే గుర్తు అదే. తొక్కగా తొక్కగా పైకి వస్తుంది, ఒక నిమిషం ఆగి తొక్కితే మళ్లీ నేలకు పోతుంది. నా చదువు అక్కడిదాకా రాలేదు.

చక్రాలు బిగించి గల్లీలోకి తీశాను. మా గల్లీ చివర కొంచెం వాలు. అక్కడ ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోయించారు. ఎదురుగా ఒక పిల్లవాడు సైకిల్ టైరును కట్టెతో కొట్టుకుంటూ మలుపు తిరిగి వచ్చాడు. బ్రేకు తొక్కాను. కాలు నేలకు తగిలింది. కారు పోతూనే ఉంది. అప్పుడు ఏం ఆలోచించానో నాకు తెలియదు, చెయ్యి మాత్రం హ్యాండ్ బ్రేకును పట్టి గుంజింది. హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో పని లేదు. తీగ మీద వెనక చక్రాలను పడుతుంది. బండి పక్కకు ఈడ్చుకుపోయి ఇసుకలో మూతి పెట్టి ఆగింది. పిల్లవాడు టైరు పడేసి, నన్ను చూసి నవ్వి, మళ్లీ టైరు తీసుకుని పోయాడు. వాడికేమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పొద్దున్నే ఈ కారులో మూడు రోజుల పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని మా చెల్లె కూర్చోబోతున్నది. చాలాసేపు స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి తలుపు తీసి, ఏమీ అనకుండా నీళ్లిచ్చింది.

చీకటి పడుతుండగా హైవేకు నడిచి పోయాను. 21 ఏళ్ల తర్వాత ఆ షెడ్డు వైపు ముఖం పెట్టాను. పాత ఉస్తాద్ పోయాక షెడ్డు 19దే అయిందట. వాడు షట్టరు దించుతున్నాడు. జుట్టు నెరిసింది, చేతుల గీతల్లో నల్లటి గ్రీజు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఏం సారూ, నడిచొచ్చినవ్? కారు కొన్నవంట గదా."

సారూ అన్నాడు. నాకది చెంపమీద కొట్టినట్టుంది. జరిగిందంతా చెప్పాను. వాడు అడ్డం మాట్లాడకుండా విని, "కాలిపర్లు కిరోసిన్‌ల గానీ కడిగినవా?" అని అడిగాడు. లేదన్నాను. కడిగేవాణ్ణే, కానీ ఆ నెల ఇంట్లో కిరోసిన్ లేదు. "బతికినవ్. కిరోసిన్, పెట్రోలు తగిలితే లోపల రబ్బరు ఉబ్బుతది, అండ్ల సీలులన్నీ మార్చాల్సి వస్తుండె" అన్నాడు. పానాలు, టార్చి, ఒక చిన్న తగరపు డబ్బా సంచిలో వేసుకున్నాడు. గోడకు వేలాడుతున్న ఒక పైపును కూడా తీసుకున్నాడు. అది గ్లూకోజు పైపు.

ఇంటికొచ్చి మొదట జాకీ చూశాడు. "ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరినవా? నీకు పిల్లలున్నరు గద సారూ" అని, పక్కింటి నుంచి చెక్క దిమ్మెలు తెప్పించి బండి కింద పెట్టించాడు, వెనక చక్రాలకు రాళ్లు వేయించాడు. అప్పుడు ముందు చక్రం విప్పి టార్చి కొట్టాడు. పదిసెకన్లు కూడా పట్టలేదు.

"అటుది ఇటు, ఇటుది అటు పెట్టినవ్."

నేను వంగి చూశాను. గాలి తీసే నిపిల్ కాలిపర్‌కు కింది వైపున ఉంది. కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే అది తలకిందులవుతుంది. "గాలి యాడికి పోతది? మీదికి. నువ్వు బొక్క యాడ వెట్టినవ్? కింద. రెండు సీసాలు కాదు, రెండు డ్రమ్ములు పోసినా మీదున్న గాలి మీదనే ఉంటది." నీళ్లలో బుడగ పైకి ఎందుకు వస్తుందో ఏటా పిల్లలకు చెప్పేది నేనే. బోర్డు మీద బుడగ బొమ్మ గీసి బాణం గుర్తు పైకి పెట్టేది కూడా నేనే.

రెండు కాలిపర్లూ విప్పి మార్చి బిగించాడు. గొట్టం బోల్టు దగ్గర పాత రాగి వాషర్లు తీసేసి, తగరపు డబ్బాలోంచి కొత్తవి వేశాడు. ఒకసారి నలిగిన వాషరు రెండోసారి సరిగా పట్టదట, చెమ్మ కారుతుందట. నేను మిగిల్చిన సగం సీసాను వాసన చూసి పక్కన పెట్టాడు. ఎప్పటిదని అడిగాడు. పాత యజమాని డిక్కీలో వదిలేసినదని చెప్పాను. "మూత తీసి పెట్టిన ఆయిల్ గాలిల ఉన్న తడిని గుంజుకుంటది" అన్నాడు. ఆ విషయం తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, తడి చేరాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి అయితే 230, 155. వాలులో పదేపదే బ్రేకు తొక్కితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, ఆవిరి అంటే మళ్లీ గాలిలాంటిదే. ఇవేవీ చదవకుండానే వాడు షెడ్డులో కొత్త సీసా మాత్రమే తెరుస్తాడు, మూతకు తేదీ రాసి పెడతాడు.

తర్వాత గాలి తీసుడు. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టాడు. కొన్ని బండ్లకు వరుస వేరే ఉంటుంది, ఆ బండి పుస్తకం చూసుకోవాలి అన్నాడు. నిపిల్‌కు గ్లూకోజు పైపు తొడిగి, రెండో చివరను గాజు సీసాలో కొంచెం ఆయిల్ పోసి అందులో ముంచాడు. అట్లా ముంచితే కాలు వదిలినప్పుడు గాలి వెనక్కి పోదు. ఈసారి పెడల్ మీద నేను కూర్చున్నాను. మా ఆవిడ బానెట్ దగ్గర టార్చి పట్టుకుని డబ్బాలో ఆయిల్ గీత కిందికి పోకుండా పోస్తూ ఉంది. అది ఖాళీ అయితే పై నుంచి మళ్లీ గాలి పోయి పనంతా మొదటికి వస్తుంది.

"తొక్కు... పట్టు." నిపిల్ వదులు చేస్తాడు. కాలు మెల్లగా దిగుతుంది. "పట్టే ఉండు, ఇడవకు." నిపిల్ బిగిస్తాడు. "ఇగ ఇడువు."

పగలు మేము చేసిందీ ఇదే, మాటలు కూడా ఇవే. ఒక్కటే తేడా, నేను కాలు లేచాక నిపిల్ బిగించేవాణ్ణి, వాడు కాలు లేవకముందే బిగించేవాడు. గబగబ తొక్కితే తిట్టాడు, గాలి నురగై చిన్న చిన్న బుడగలుగా ఆయిల్‌లో కలిసిపోతుందని. పైపులో మొదట గంజి పొంగినట్టు తెల్లగా వచ్చింది, తర్వాత ఆవాలంత బుడగలు, తర్వాత ఒకటీ అరా, చివరకు నల్లటి చాయ్‌లాంటి పాత ఆయిల్ పోయి లేత పసుపుది వచ్చింది. నాలుగు చక్రాలకూ అట్లాగే చేశాడు. సీసాలో చేరినదాన్ని మళ్లీ వాడొద్దని ముందే చెప్పి పక్కన పెట్టించాడు. మడ్‌గార్డు మీద పడిన చుక్కలను నీళ్లతో కడిగించాడు.

మూడో చక్రం దగ్గర ఉన్నప్పుడు అనుకుంటా, కారు లోపల కూర్చుని ఉన్నాను కాబట్టి వాడి ముఖం నాకు కనబడదు, అందుకే ధైర్యం వచ్చింది. "ఆ రోజు లెక్కలు చెప్పకపోవడం నాది తప్పే" అన్నాను. చక్రం వైపు నుంచి కాసేపు ఏ చప్పుడూ లేదు.

"తొక్కు" అన్నాడు.

తొక్కాను.

"పట్టు. ... ఆ ఏడు నాకు శానా కోపముండె. ఉస్తాద్ దెబ్బలు తిన్నప్పుడల్లా నిన్నే తిట్టుకున్న. ఇప్పుడు ఎందుకది. ఇడువు."

అంతే. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

రాత్రి పదిన్నరకు పెడల్ రాయిలా నిలబడింది. నా చేత కాలు గట్టిగా నొక్కి పెట్టించి నిమిషం లెక్కపెట్టాడు, దిగుతుందేమోనని. దిగలేదు. నాలుగు చక్రాల దగ్గరా చెమ్మ ఉందేమో కాగితంతో తుడిచి చూశాడు. తర్వాత గల్లీలో మనిషి నడిచేంత వేగంతో నడిపించి, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి పెట్టుకోమని, పదిసార్లు ఆపించాడు. డబ్బులిస్తే రాగి వాషర్లకూ ఆయిల్‌కూ అయినది మాత్రం తీసుకున్నాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు:

"ఇరవై, మా బిడ్డ పదిల ఉన్నది. సమ్మెతోని బడి బందయింది. లెక్కలల్ల జర ఎనకబడ్డది. సోమవారం పంపియ్యాలె?"

నేను రేపు సాయంత్రమే పంపమన్నాను.

మరునాడు బీదర్ పోయి తల్లినీ బిడ్డనూ తెచ్చాం. వాలు వచ్చినచోటల్లా నేను అవసరం లేకున్నా బ్రేకు తొక్కి చూసుకున్నాను, మా అమ్మ విసుక్కుంది. ఆ అమ్మాయి మార్చి దాకా రోజూ సాయంత్రం వచ్చింది. తెలివైనదే, భిన్నాల దగ్గర తడబడేది, అది వాళ్ల నాయన పోలికే. 2012లో పది పాసయింది. తర్వాత నర్సింగ్ చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది.

తమ్ముళ్లలో బండ్ల పని నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే ఒక మాట. ఇప్పటి కార్లకు ఈ పద్ధతి అచ్చం సరిపోకపోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ ఉండాలి. కొన్నింటిలో ఆ పరికరం లోపల చిక్కిన గాలిని తీయడానికి కంప్యూటర్ తగిలించాలి. 19 ఆ యంత్రం కూడా కొన్నాడు. దాని మెనూ ఇంగ్లీషులో ఉంటే ఫోన్ చేసి నన్ను చదవమంటాడు. నేను ఏటా పాస్కల్ పాఠం రోజున వాడి దగ్గర ఒక పాత కాలిపర్, గ్లూకోజు పైపు అడిగి తెచ్చుకుంటాను. పైపులోకి గాలి ఎక్కించి చూపించే భాగం పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఈసారి వార్షికోత్సవానికి 19 కూడా వస్తానన్నాడు. పాసైనోళ్లకే కదా పిలుపు అని మొదట రానన్నాడు, ఆ మాట నేను ఒప్పుకోలేదు. వార్డెన్ గారికి ఒక మనవి: 1985 నాటి హాజరు రిజిస్టర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ రోజు బయట పెట్టించండి. మేమిద్దరం ఆ పేజీ ఒకసారి చూసుకోవాలి.